రిమోట్‌తో ఆపిన టీవీకి కరెంటు ఎందుకు కాలుతుంది? స్టాండ్‌బై వాడకంపై తరచుగా అడిగే ప్రశ్నలు

కరెంటు బిల్లు తగ్గించుకోవాలంటే అందరికీ ముందు ఏసీ, గీజర్ గుర్తొస్తాయి. అది న్యాయమే. కానీ మనం ఆపేశామనుకుని మంచమెక్కిన తర్వాత కూడా మీటరు తిరుగుతూనే ఉంటుంది. ఒక రాత్రి మీటరు ముందు కుర్చీ వేసుకుని లెక్కపెట్టాక నాకు తెలిసినవి, ఆ తర్వాత చుట్టాలు, అపార్ట్‌మెంట్‌లో వాళ్లు అడిగినవి కలిపి ఇక్కడ రాశాను.

స్టాండ్‌బై అంటే ఏమిటి? ఆపేసిన వస్తువుకు కరెంటు ఎందుకు?

రిమోట్ నొక్కగానే టీవీ వెలగాలంటే, ఆ నొక్కుడు కోసం లోపల ఏదో ఒక భాగం ఎప్పుడూ కాచుకుని ఉండాలి. రిమోట్ సంకేతం అందుకునే చిన్న సర్క్యూటు, దానికి కరెంటు ఇచ్చే పవర్ సప్లై 24 గంటలూ పనిచేస్తూనే ఉంటాయి. మైక్రోవేవ్‌లో గడియారం, ఏసీలో రిమోట్ రిసీవర్, సెట్ టాప్ బాక్సులో దాదాపు మొత్తం యంత్రం ఇలాగే మేల్కొని ఉంటాయి. ఎర్ర లైటే కరెంటు తినేస్తుందని చాలామంది అనుకుంటారు. లైటు వాటా నామమాత్రం, దాని వెనకున్న సర్క్యూటుదే అసలు వాడకం.

ఒక వాటు, రెండు వాట్లంటే లెక్కలోకి వస్తాయా?

వెయ్యి వాట్లు ఒక గంట కాలితే ఒక యూనిట్. నెలకు 720 గంటలు. కాబట్టి ఒక్క వాటు నెలంతా కాలితే 0.72 యూనిట్, ఏడాదంతా కాలితే 8.76 యూనిట్లు. పది వాట్లకు నెలకు ఏడు యూనిట్లని గుర్తుపెట్టుకుంటే చాలు, కాలిక్యులేటర్ అక్కర్లేదు.

ఒక వస్తువును విడిగా చూస్తే ఇది చిన్న మొత్తమే. ఇంట్లో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి, అప్పుడు మాట్లాడుకుందాం.

ఏడు యూనిట్లంటే 30, 40 రూపాయలే కదా. అంత కష్టం దేనికి?

మన దగ్గర యూనిట్లన్నీ ఒకే ధరకు రావు. పొదుపు చేసిన యూనిట్ ఎప్పుడూ శ్లాబులో చిట్టచివరి యూనిటే, అంటే మీరు కొన్నవాటిలో అత్యంత ఖరీదైనది. బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించి వచ్చిన సగటుతో లెక్కేస్తే మోసపోతాం.

తెలంగాణ సంగతి చూడండి. 2022-23లో వచ్చిన ఇళ్ల టారిఫ్ ప్రకారం నెల వాడకం 100 దాటి 200 లోపు ఉంటే మొదటి వందకు యూనిట్ 3.40, తర్వాతి వందకు 4.80 రూపాయలు. సరిగ్గా 200 దగ్గర ఎనర్జీ ఛార్జీ 820 రూపాయలు. 201 అయిందా, మొదటి యూనిట్ నుంచే లెక్క మారిపోతుంది. 200 యూనిట్లకు 5.10 చొప్పున, పైన ఒక్కదానికి 7.70. మొత్తం 1,027.70. ఒక్క యూనిట్‌కు 207 రూపాయల 70 పైసలు! వంద దగ్గర కూడా ఇలాంటి మెట్టే ఉంది. 100 యూనిట్లకు 252.50, 101కి 344.80.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి ఇలాంటి మెట్లు లేవు, అందరికీ ఒకే వరస. మొదటి 30 యూనిట్లకు 1.90, అక్కడి నుంచి 75 వరకు 3, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75. అక్కడ గోడ దూకినట్టు బిల్లు పెరగదు. అయినా వేసవిలో 300 దాటిన ఇంట్లో ఒక్కో యూనిట్ ఆదా అంటే 8.75 రూపాయలే.

ఇవన్నీ ఎనర్జీ ఛార్జీలు మాత్రమే. ఫిక్స్‌డ్ ఛార్జీలు, సుంకం, సర్దుబాటు ఛార్జీలు వేరు. టారిఫ్ ఆర్డర్ మారితే ఈ అంకెలూ మారతాయి కాబట్టి మీ బిల్లు మీద ఉన్న రేటుతో ఒకసారి సరిచూసుకోండి.

మాకు గృహజ్యోతి పథకంలో జీరో బిల్లు వస్తుంది. మాకెందుకు ఇదంతా?

అందరికంటే మీకే ఎక్కువ అవసరం. తెలంగాణలో 2024 మార్చి నుంచి అర్హులకు 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా. 200 దాటిన నెలలో మాత్రం పైనున్న యూనిట్లకే కాదు, మొత్తానికీ కట్టాలి. పైన రాసిన 1,027 రూపాయలు మీ విషయంలో 200 యూనిట్లకూ 201కీ మధ్య తేడా. 190, 195 దగ్గర ఊగిసలాడే ఇంట్లో ఒక సెట్ టాప్ బాక్సు చాలు, అటో ఇటో తేల్చేస్తుంది.

మా ఇంట్లో ఎంత వృథా అవుతోందో ఎలా తెలుసుకోవాలి?

ఏమీ కొనక్కర్లేదు. మీటరు మీద మిణుకుమిణుకుమనే ఎర్ర లైటు ఉంటుంది కదా. దాని పక్కన ఒక యూనిట్‌కు ఎన్నిసార్లు మిణుకుమంటుందో అచ్చువేసి ఉంటుంది. 3200 కావచ్చు, 1600 కావచ్చు, వేరే అంకె కావచ్చు.

రాత్రి పడుకునే ముందు ఫ్యాన్లు, లైట్లు ఆపండి. ఫ్రిజ్‌ను కూడా పది నిమిషాలు ఆపండి (మళ్లీ వేయడం మర్చిపోకుండా ఫోన్‌లో అలారం పెట్టుకోండి, పాలు విరిగితే పూచీ నాది కాదు). టీవీ, బాక్సు, మైక్రోవేవ్ లాంటివి రోజూ ఎలా వదిలేస్తారో అలాగే ఉంచండి. ఇప్పుడు ఒక మిణుకుకూ ఇంకో మిణుకుకూ మధ్య ఎన్ని సెకన్లో చూడండి. 3200 మీటరైతే 1125ను ఆ సెకన్లతో భాగించండి. 1600 మీటరైతే 2250ని. వచ్చేదే మీ ఇంటి స్టాండ్‌బై, వాట్లలో.

మా ఇంట్లో 22 సెకన్లకొకసారి మిణుకుమంది. అంటే 51 వాట్లు! అందరం పడుకున్నాక, ఏదీ పనిచేయనప్పుడు. అది నెలంతా కాలితే దాదాపు 37 యూనిట్లు. ఒక్కొక్కటే స్విచ్ ఆపుతూ మళ్లీ లెక్కపెడితే దొంగలు దొరికారు. ఇన్వర్టర్ 15, సెట్ టాప్ బాక్సు 11, ఏసీ స్టెబిలైజర్ 9, వైఫై రూటర్ 8, దోమల మెషీన్ 5, మైక్రోవేవ్ 2, మిగతావన్నీ కలిపి ఒకటి. అప్పుడు చలికాలం, ఏసీ వేసి రెండు నెలలైంది. అయినా దాని స్టెబిలైజర్ గోడ మీద వెచ్చగా కూర్చుని ఉంది.

ఇన్వర్టర్, రూటర్ వదిలేసి మిగతావి వాడనప్పుడు ఆపడం మొదలుపెట్టాం. నెలకు 17 యూనిట్లు తగ్గాయి. 208 రావాల్సింది 191 వచ్చింది. ఎనర్జీ ఛార్జీ 1,081.60 నుంచి 776.80కి దిగింది, అంటే 305 రూపాయలు. అన్ని నెలలూ ఇలా ఉండదు. వాడకం 150 దగ్గరుంటే అదే 17 యూనిట్లకు 82 రూపాయలే మిగిలేవి. ఇదే ఇల్లు విజయవాడలో ఉంటే, 208 దగ్గర 102 రూపాయలు.

అన్నీ ఆపేసినా మీటరు మిణుకుమంటూనే ఉంది. ఏం చేయాలి?

మెయిన్ స్విచ్చే ఆపి చూడండి. అప్పుడూ మిణుకుమంటే మీటరులోనో, మీటరుకూ మీ మెయిన్‌కూ మధ్య వైరులోనో తేడా ఉంది. విద్యుత్ శాఖకు ఫిర్యాదు చేయాల్సిన విషయం అది. మెయిన్ వేయగానే మొదలైతే ఇంటి లోపలే ఎక్కడో మర్చిపోయిన వస్తువు ఉండాలి, లేదా వైరింగులో లీకేజీ ఉండాలి. ఒక్కో ఎంసీబీ (మెయిన్ బోర్డులో ఒక్కో లైనుకు విడిగా ఉండే స్విచ్) ఆపుతూ ఏ గదిదో పట్టుకోండి. లీకేజీ అయితే బిల్లు సంగతి తర్వాత, ముందు షాక్ ప్రమాదం. ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఏ వస్తువులు ఎక్కువ తింటాయి?

నా లెక్కలో మొదటి ముద్దాయి సెట్ టాప్ బాక్సు. రిమోట్‌తో ఆపితే టీవీ తెర నల్లబడుతుంది కానీ చాలా పాత బాక్సులు పనిచేసేటప్పుడు ఎంత లాగుతాయో, ఆపినప్పుడూ ఇంచుమించు అంతే లాగుతాయి. చేయి పెట్టి చూడండి, తెల్లవారుజామున కూడా వెచ్చగానే ఉంటుంది. ఆ వేడి మీరు డబ్బులిచ్చి కొన్నదే.

తర్వాత స్టెబిలైజర్. దాని లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. ఏసీని రిమోట్‌తో ఆపినా స్విచ్ వేసి ఉన్నంతసేపు ఆ ట్రాన్స్‌ఫార్మర్ కరెంటు తీసుకుంటూనే ఉంటుంది. దీపావళికి ఏసీ ఆపి మార్చిలో మళ్లీ వేసేవాళ్లు ఆ నాలుగైదు నెలలూ ఎంసీబీనే దించేయవచ్చు. ఈ పట్టికలో ఇంత తేలిగ్గా ఆదా అయ్యేది ఇంకోటి లేదు.

పాత హోమ్ థియేటర్లు, ఆంప్లిఫయర్లు, 'వెంటనే ఆన్ అయ్యే' సెట్టింగులో ఉన్న గేమింగ్ బాక్సులు, కంప్యూటర్‌తో పాటు బోర్డులోనే ఉండిపోయే స్పీకర్లు, ప్రింటర్ తర్వాతి వరస. వాషింగ్ మెషీన్, మైక్రోవేవ్ ఒకటి రెండు వాట్ల బాపతు.

ఫోన్ ఛార్జర్ బోర్డుకే వదిలేస్తే బిల్లు పెరుగుతుందని వాట్సాప్‌లో వచ్చింది. నిజమా?

ఇప్పటి ఛార్జర్లతో దాదాపు పెరగదు. ఫోన్ పెట్టకుండా వదిలేసిన మంచి ఛార్జర్ వాటులో పదో వంతు లాగడం కూడా కష్టమే. ఏడాదికి ఒక యూనిట్ అనుకోండి. చేత్తో పట్టుకుంటే వేడిగా తగిలే పాత రకం బరువైన అడాప్టర్లు మాత్రం వేరే జాతి. చవక ఛార్జర్ విషయంలో బిల్లు కంటే నిప్పు భయంతో స్విచ్ ఆపడం మంచిది.

దోమల మెషీన్, జీరో బల్బు కూడా స్టాండ్‌బై కిందికే వస్తాయా?

పుస్తకం ప్రకారం రావు. అవి పనిచేస్తూనే ఉంటాయి, కాకపోతే ఎవరికీ పనికిరాకుండా. దోమల మందు సీసాను వేడిచేసే మెషీన్ ఐదు వాట్ల దాకా తీసుకుంటుంది. పగలంతా వేసి ఉంచితే కరెంటుతో పాటు మందూ ఆవిరైపోతుంది. సీసా ధర చూస్తే కరెంటు నష్టమే తక్కువ.

జీరో బల్బు కథ ఇంకా బాగుంటుంది. పేరు జీరో గానీ, పాత ఫిలమెంటు రకం 12 నుంచి 15 వాట్లు కాలేది. అంత చిన్న వాడకాన్ని అప్పటి చక్రం మీటర్లు సరిగా పట్టుకునేవి కావు కాబట్టి జీరో అయింది. ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటరు దాన్ని క్షమించదు. దేవుడి గదిలో రాత్రింబవళ్లు ఆ పాత ఎర్ర బల్బు వెలుగుతుంటే నెలకు పది యూనిట్లు పోతున్నట్టే. అర వాటు ఎల్ఈడీ పెట్టండి, దేవుడేమీ అనుకోడు.

కొత్త టీవీలకు కూడా స్విచ్ ఆపాలా?

ఒక్కదాని కోసమే అయితే పెద్ద లాభం లేదు. దానికో కారణముంది. 1999లో అంతర్జాతీయ ఇంధన సంస్థ 'ఏ వస్తువు స్టాండ్‌బై అయినా ఒక వాటు దాటకూడదు' అన్న లక్ష్యాన్ని ప్రపంచం ముందు పెట్టింది. 2001లో అమెరికా తన ప్రభుత్వ కొనుగోళ్లకు ఆ కొలత పెట్టుకుంది. గడియారం లాంటి డిస్‌ప్లే ఏదీ లేనివాటికి యూరప్ 2010 నుంచి ఒక వాటు, 2013 నుంచి అర వాటు అని చట్టమే చేసింది. ప్రపంచమంతటా అమ్మే కంపెనీలు ఒక్కో దేశానికి ఒక్కో సర్క్యూటు చేయవు కాబట్టి ఆ ఫలం మనకూ అందింది.

స్మార్ట్ టీవీలో ఒక మెలిక ఉంది. 'క్విక్ స్టార్ట్' లాంటి సెట్టింగు ఆన్‌లో ఉంటే టీవీ సగం మేల్కొనే పడుకుంటుంది. అప్పుడు అర వాటు మాట మర్చిపోవాలి. సెట్టింగుల్లోకి వెళ్లి అది ఆపేస్తే, టీవీ వెలగడానికి ఇంకాసేపు పడుతుంది, అంతే.

ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసే స్మార్ట్ ప్లగ్ కొనమంటారా?

అదీ వైఫైకి అతుక్కుని ఉండాలి, కాబట్టి అదీ అర వాటు నుంచి ఒక వాటు దాకా కాలుతుంది. అర వాటు టీవీకి స్మార్ట్ ప్లగ్ పెట్టడమంటే కోడిని కాపలా కాయడానికి ఇంకో కోడిని పెంచడం. బాక్సు, టీవీ, సౌండ్ బార్ మూడూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఉండి, దానికి ఒక ప్లగ్ పెడితే అర్థముంది. కరెంటు ఎంత వాడుతోందో చూపించే రకమైతే కొలతకూ పనికొస్తుంది. ఏసీ, గీజర్ లాంటి 16 ఆంపియర్ల సామాన్లకు చిన్న ప్లగ్ వాడకండి.

సాకెట్‌లో పెడితే బిల్లు 40 శాతం తగ్గించే 'పవర్ సేవర్' డబ్బా పనిచేస్తుందా?

పనిచేయదు. ఆ డబ్బాలో సాధారణంగా ఉండేది ఒక కెపాసిటర్, ఒక పచ్చ లైటు. కెపాసిటర్‌తో పవర్ ఫ్యాక్టర్ (తీసుకున్న కరెంటులో నిజంగా పనికొచ్చే వాటా) మారుతుందేమో గానీ ఇళ్లకు బిల్లు వేసేది నిజంగా కాలిన యూనిట్లకే. దాంతో తగ్గేదేమీ లేదు. పైగా ఆ పచ్చ లైటుకు కొంచెం కాలుతుంది! సంతలో క్లాంప్ మీటరు పెట్టి ఆంపియర్లు తగ్గినట్టు చూపిస్తారు, అది కనికట్టు. ఆంపియర్లు తగ్గడం వేరు, యూనిట్లు తగ్గడం వేరు.

వేటిని ఆపకూడదు?

ఫ్రిజ్ సంగతి చెప్పక్కర్లేదు. సీసీ కెమెరాలు నడిచే ఇంట్లో రూటర్ ఆపితే కెమెరా ఉన్నా లేనట్టే. ఓఎల్ఈడీ టీవీలు ఆపిన తర్వాత కొంతసేపు తెరను తామే సరిచేసుకుంటాయి కాబట్టి వెంటనే స్విచ్ కట్టేయకండి. ఇంక్‌జెట్ ప్రింటర్‌ను దాని బటన్‌తో ఆపి, ఆ తర్వాతే స్విచ్ ఆపాలి. నేరుగా కట్టేస్తే నాజిల్ మూసుకోకుండా ఇంకు ఎండిపోవచ్చు. కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేయకుండా స్విచ్ ఆపేవాళ్లకు నేను చెప్పేదేమీ లేదు. ఏసీని ముందు రిమోట్‌తో ఆపి, కాసేపాగి స్విచ్ ఆపండి.

రోజూ స్విచ్ వేసి ఆపితే వస్తువు పాడవదా?

పాడవదు. మన ఊళ్లలో కరెంటు పోతూ వస్తూ ఉన్నా తట్టుకుని నిలబడ్డ సామాన్లే అవన్నీ. నిజానికి ఉరుములు మెరుపుల రోజున ప్లగ్ పీకేసి ఉన్న టీవీయే బతికి బట్టకడుతుంది. ఆ రోజు కేబుల్ వైరు కూడా తీసేయాలి, పిడుగు కరెంటు వైరులోంచే రావాలని రూలేమీ లేదు.

ఇన్వర్టర్ ఆపవచ్చా?

దీనికి ఒక్క మాటలో జవాబు లేదు. బ్యాటరీ నిండాక కూడా దాన్ని నిండుగా ఉంచడానికి ఇన్వర్టర్ కొంత కరెంటు తీసుకుంటూనే ఉంటుంది, పాత బ్యాటరీ అయితే ఇంకా ఎక్కువ. ఇన్వర్టర్ ముందు వైపున్న స్విచ్ ఆపితే చాలనుకుంటారు. చాలా మోడళ్లలో ఆ స్విచ్ ఇంటికి బ్యాకప్ మాత్రమే ఆపుతుంది, ఛార్జింగ్ సాగుతూనే ఉంటుంది. అలాగని గోడ ప్లగ్ పీకేసి నెలల తరబడి వదిలేస్తే లెడ్ యాసిడ్ బ్యాటరీ తనంతట తనే దిగిపోయి పాడవుతుంది. మిగిల్చిన కరెంటు కంటే కొత్త బ్యాటరీ ఖర్చు ఎన్నో రెట్లు. డిస్టిల్డ్ వాటర్ తగ్గకుండా చూసుకోండి, బ్యాటరీ ముసలిదైతే మార్చండి. నేను ఆపలేదు.

స్విచ్ ఆపినా ఎల్ఈడీ బల్బు మసగ్గా వెలుగుతోంది. కరెంటు కాలుతోందా?

కాలేది లెక్కలోకి రాదు కానీ కారణం తెలుసుకోవాలి. స్విచ్‌లో ఇండికేటర్ ఉంటే దానిగుండా పారే పిసరంత కరెంటుకే ఎల్ఈడీ వెలగవచ్చు, అది ప్రమాదం కాదు. ఫేజ్ బదులు న్యూట్రల్‌కు స్విచ్ పెట్టినా ఇలాగే అవుతుంది. అప్పుడు స్విచ్ ఆపినా హోల్డరులో కరెంటు ఉంటుంది, బల్బు మార్చేటప్పుడు షాక్ కొడుతుంది. టెస్టర్‌తో చూపించుకోండి.

మా టీవీ యూనిట్ వెనకాల స్విచ్ చేతికి అందదు. ఏం చేయాలి?

ఇంటీరియర్ చేసినవాళ్ల పుణ్యం! ఎలక్ట్రీషియన్‌తో ఒక స్విచ్‌ను బయటికి తెప్పించడం మంచి పద్ధతి. లేదంటే స్విచ్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు కొని, పక్కకు అందేలా బిగించండి. మన సాకెట్లకు స్విచ్ ఉండటమే ఒక అదృష్టం. అమెరికాలో ఉన్న మా తమ్ముడి ఇంట్లో గోడ సాకెట్లకు స్విచ్‌లే లేవు. ప్రతిదానికీ వంగి ప్లగ్ పీకాలి, లేదా స్విచ్ ఉన్న పవర్ స్ట్రిప్ పెట్టుకోవాలి.

గీజర్‌ను ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచితే?

నీళ్లు చల్లారడం, మళ్లీ కాగడం, మళ్లీ చల్లారడం. స్టోరేజ్ గీజర్ల మీద బీఈఈ (కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ) స్టార్ గుర్తు ఈ చల్లారే నష్టాన్ని చూసే ఇస్తుంది. కొనేటప్పుడు ఆ గుర్తు చూడండి. కొన్నాక స్నానానికి ముందు వేసి, అయ్యాక ఆపండి.

బాక్సు స్విచ్ ఆపితే మళ్లీ చానళ్లు రావడానికి రెండు నిమిషాలు పడుతోంది. ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకోవడం లేదు.

మా అమ్మ కూడా ఊరుకోలేదు. వంగి స్విచ్ వేయాలి, ఆపైన బాక్సు లేచేదాకా ఆగాలి, ఈలోగా సీరియల్ మొదలైపోతుంది. పగలంతా వేసే ఉంచుదామని, రాత్రి పది తర్వాత నేనే ఆపి పొద్దున్నే నేనే వేస్తానని ఒప్పందం కుదిరింది. 19 గంటల ఆదా కాస్తా ఎనిమిది గంటలైంది, నెలకు ఆరు యూనిట్లు రావాల్సిన చోట రెండున్నర వస్తున్నాయి. ఆ మిగతా మూడున్నర యూనిట్ల కోసం స్టెబిలైజర్ ఎంసీబీ ఇంకో నెల ఎక్కువ దించి ఉంచుతున్నాను.